మీ పేరున ఓ కార్డు

కూతురి పురిటికనో, కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండి రావాలనో విమానమెక్కే అమ్మలు నాకు చాలామంది తెలుసు. ఆవకాయ నుంచి బీపీ మాత్రల దాకా అన్నీ సర్దుకుంటారు. డబ్బు సంగతి అడిగితే మాత్రం "అక్కడ పిల్లలున్నారుగా!" అంటారు. మరి దారిలో విమానం రద్దయి ఏ దుబాయ్‌లోనో రాత్రంతా ఆగిపోతే? చేతిసంచీ పోతే?

అలాంటప్పటికి మీ పేరున ఓ క్రెడిట్ కార్డు ఉండాలంటాను. "నాకు జీతమా, నాతమా? ఎవరిస్తారు?" అనుకోకండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీగా కార్డులిచ్చే బ్యాంకులున్నాయి. డిపాజిట్‌పై వడ్డీ వస్తూనే ఉంటుంది. కార్డున్నంత కాలం ఆ సొమ్ము తీసుకునే వీలుండదు, అంతే. మావారి కార్డుకు అనుబంధ కార్డుందిగా అంటారా? దాని పరిమితి ఆయనతో ఉమ్మడే!

2020 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డు మొదట మన దేశంలోనే పనిచేస్తుంది. విదేశాల్లో వాడుకునే వీలును మనమే అడిగి పెట్టించుకోవాలి. అందుకే రెండు నెలల ముందే తీసుకోండి. ఇక్కడ ఒకసారి వాడి, గడువులోగా బిల్లు కట్టి చూడండి. ప్రయాణంలో నగదుతో కలపకుండా విడిగా దాచుకోండి. దాంతో ఏటీఎంలో డబ్బు తీస్తే వడ్డీ ఆ రోజు నుంచే మొదలు. విదేశీ కొనుగోళ్ల మీదా చాలా కార్డులకు అదనపు రుసుముంటుంది. కాబట్టి అది ఆపదకే, షాపింగ్‌కు కాదు.

పోపుల డబ్బాలో నాలుగు నోట్లు దాచిన మన అమ్మమ్మలు ఇంట్లోవాళ్లను నమ్మక దాచలేదు. అవసరానికి ఎవరి ముందూ చెయ్యి చాచకూడదని దాచారు. పరాయి దేశం వెళ్లే మనకూ అలాంటి డబ్బా ఒకటి ఉండొద్దూ?