స్లాబు పోయకముందే

గత నెల ఒక శుక్రవారం అసర్ నమాజు తరువాత, మా వద్ద చదువుకున్న ఒక శిష్యుని కొత్త ఇంటికి వెళ్ళాము. ఇల్లు బాన్సువాడ పట్టణపు అంచున ఉంది. పన్నెండేళ్ళ గల్ఫ్ సంపాదన అందులో ఉంది. దువా చేయమని పిలిచాడు గాని, మేము వెళ్ళేసరికి లోపల సుత్తి, ఉలి మోగుతున్నాయి. అప్పుడే ఆరిన సిమెంటు పూతను చీల్చి కరెంటు పైపులకు గాడులు కొడుతున్నారు. స్నానాల గది పైపును బయటకు తీయడానికి బీముకు రంధ్రం వేయమంటారా అని మేస్త్రీ అడుగుతున్నాడు.

“అక్కడ నీవు చేసే పని ఏమిటి బేటా?” అని అడిగాము.

“పెద్ద భవనాలలో పైపులు, ఏసీ గొట్టాలు బిగించే పని హజ్రత్” అని తల వంచుకున్నాడు.

మేము నవ్వలేదు. ఫోనులో ఇల్లు కట్టించే వారందరి కథ ఇదే. డబ్బు పంపుతారు, ఫోటోలు చూస్తారు, స్లాబు పడిందని సంతోషిస్తారు. ఆ స్లాబులో ఏమి ఉండాలో అడిగేవారు ఉండరు.

అతడు ఖాళీ సిమెంటు సంచి మీద బొగ్గుతో గీస్తూ అక్కడి పద్ధతి వివరించాడు. మొదట గదుల నక్షా తయారవుతుంది. ఆ దశలోనే నీళ్ళు ఎటు నుండి రావాలి, మురుగు ఎటు పోవాలి, కరెంటు బోర్డు ఎక్కడ ఉండాలి అని స్థూలంగా నిర్ణయిస్తారు. తరువాత స్తంభాలు, బీముల నక్షా వస్తుంది. దాని మీద పైపుల నక్షా, కరెంటు నక్షా పెట్టి, ఎక్కడ ఒకటి మరొకదానికి అడ్డు వస్తుందో చూస్తారు. బీము గుండా పైపు పోక తప్పదంటే, ఇంజినీరు ఒప్పుకున్న చోట ముందే గొట్టం ముక్క అమర్చి కాంక్రీటు పోస్తారు. పోయడానికి ముందు ఒకరు వచ్చి అన్నీ చూసి సంతకం చేయాలి. సంతకం లేకుంటే పోత ఆగిపోతుంది. “గీత చెరపడానికి రబ్బరు చాలు హజ్రత్, కాంక్రీటు చెరపాలంటే నెల జీతం కావాలి” అన్నాడు.

మన వద్ద చాలామంది మున్సిపాలిటీ అనుమతి కాగితాన్నే ఇంటి ప్లాను అనుకుంటారు. అది స్థలానికి, ఎత్తుకు, చుట్టూ వదిలే ఖాళీకి సంబంధించినది. ఫ్యాను ఎక్కడ తిరగాలో, కుళాయి ఎక్కడ ఉండాలో అది చెప్పదు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళిలో కరెంటు, గాలి వంటి సదుపాయాలకు ఎనిమిదవ భాగాన్ని, నీరు, మురుగులకు తొమ్మిదవ భాగాన్ని కేటాయించారు. మన వీధిలో మాత్రం ఆ బాధ్యత ఎవరిదీ కాదు. మేస్త్రీ ప్లంబరు వైపు, ప్లంబరు ఎలక్ట్రీషియను వైపు చూస్తారు.

ఇటుక గోడకు పూత వేయకముందు గాడి కొట్టడం తప్పు కాదు; అందరూ చేసేదే. అయితే స్లాబులోని కరెంటు పైపులు, ఫ్యాను పెట్టెలు ఇనుము కట్టిన తరువాత, కాంక్రీటు పోయకముందు పడవలసినవి. బీమును తరువాత తొలిస్తే ఇనుము తెగవచ్చు. నీళ్ళ ట్యాంకు సంగతి కూడా అంతే. మన దేశపు ప్రమాణాలలో మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్క వాడుకలో ఉంది. ఏడుగురున్న ఇంటికి దాదాపు వెయ్యి లీటర్లు కావాలి. ఆ నీటి బరువే వెయ్యి కిలోలు. అది ఏ స్తంభాల మీద కూర్చుంటుందో పునాది నాడే తెలియాలి. నాలుగు అంగుళాల మురుగు పైపుకు పది అడుగుల దూరంలో మూడు అంగుళాల వాలు ఇవ్వడం మంచి పద్ధతి. ఆ లోతును ముందే వదలకుంటే, తరువాత నేల ఎత్తు పెంచి గడప దగ్గర తట్టుకుంటూ బ్రతకాలి.

ఈ విషయంలో మేమూ నిర్దోషులం కాము. మా మదర్సాలో వుజూఖానా కట్టించినప్పుడు కుళాయిల వరుస చూసి మురిసిపోయాము, వాలు చూడలేదు. కుళాయిల ముందు నిలిచిన నీటిలో ఒక చిన్న పిల్లవాడు జారి పడి మోచేయి విరగ్గొట్టుకున్న తరువాతనే నేల తవ్వించాము.

శిష్యుని ఇంటిలో మాకు అన్నిటికన్నా బాధ కలిగించినది మరుగుదొడ్డి. సీటు ఖిబ్లా వైపు ఉంది. మన ప్రాంతంలో ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది గనుక సీటును ఉత్తర దక్షిణాలుగా పెడితే చిక్కు లేదు. గీసేటప్పుడు అది ఒక గీత. ఇప్పుడు పల్లపు స్లాబులో నింపినదంతా తవ్వి, పైపు మార్చి, నీరు కారకుండా మళ్ళీ పూత వేయాలి. మేస్త్రీ ముస్లిం కాదు. అతనికి తెలియదు, చెప్పవలసినది ఇంటివారు.

తలుపు చాటు నుండి కోడలు మాట్లాడింది: “మోటారు స్విచ్చు స్నానాల గది పక్కన పెట్టారు హజ్రత్. తడి చేతులతో వేయాలంటే నాకు భయం. నన్ను ఒక్కరూ అడగలేదు.”

రోజంతా ఆ ఇంటిలో మసలేది ఆమె. వంటింటిలో మిక్సీ, ఫ్రిజ్ ఎక్కడ ఉంటాయో, ముసలి అత్తగారు రాత్రి లేచినప్పుడు ఏ స్విచ్చు చేతికి అందాలో ఆమెకే తెలుసు. ఎర్తింగ్ గుంత తవ్వారా అని అడిగాము. ముంగిట బండలు పరచిన తరువాత చూద్దామన్నారట. మోటారు, గీజరు ఉన్న ఇంటిలో ఎర్తింగ్ లేకపోవడం ప్రాణాలతో ఆట. కరెంటు కొద్దిగా లీకైనా వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ యాంపియర్ల ఆర్.సి.సి.బి. అనే పరికరం ఉంది. అది ఎర్తింగ్‌కు బదులు కాదు, దానికి తోడు. రెండూ కావాలని గట్టిగా చెప్పాము. ఏసీకి వేరే తీగ పైపు కూడా ఇప్పుడే వేయమన్నాము. ఏసీ ఎప్పుడు కొన్నా ఫరవాలేదు.

బీముకు రంధ్రం పెట్టవద్దని, పైపును కిందుగా తిప్పి తెమ్మని శిష్యుడు మేస్త్రీకి చెప్పాడు. కింది గది ఎత్తు కొంత తగ్గుతుంది, చూడటానికి బాగుండదు. సీటు తవ్వకానికి ఎంతవుతుందో ప్లంబరు లెక్క కడుతున్నాడు. స్విచ్చు మాత్రం ఆ సాయంత్రమే మారింది. ఎక్కడ పెట్టాలో కోడలు గోడ మీద సుద్దతో గుర్తు పెట్టింది. సెలవు ఇరవై రోజులే మిగిలిందట.