ఇజాజత్ అడిగితే హిసాబ్ అడగండి

మన ఇళ్లల్లో పిల్లలు నీళ్ల దగ్గరికి పోతామంటే రెండే జవాబులు. ‘నక్కో’ అంటాం, లేదంటే ‘అల్లా మాలిక్’ అని పంపించేస్తాం. షామీర్‌పేట చెరువులో మునిగిపోయిన పిల్లల ఖబర్లు రాసినవాణ్ణి, అమ్మీల ఖౌఫ్ నాకు తెలుసు. అయినా ఈ రెండు జవాబులూ బేకారే.

మేడ్చల్‌లో ఉండే మా ఆపా కొడుకు గ్లాస్గోలో చదువుతున్నాడు. స్కూబా నేర్చుకున్నాడు. ఇప్పుడు స్కాట్లండ్‌లోని సౌండ్ ఆఫ్ మల్ జలసంధిలో మునిగి ఉన్న ‘హిస్పానియా’ జహాజును చూడ్డానికి దిగుతాడట. 1954 డిసెంబర్ 18న రాయికి కొట్టుకుని మునిగిన స్వీడన్ జహాజు అది. ఖలాసీలంతా బతికారు, కెప్టెన్ మాత్రం దిగనని ఉండిపోయాడు. ఆపా ఫోన్ చేసి ఏడ్చింది. 2024 ఏప్రిల్‌లో అదే ముల్క్‌లో, లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు మునిగి చనిపోయిన సంగతి ఆమె మరిచిపోలేదు.

వద్దనకు ఆపా, హిసాబ్ అడుగు అన్నాను.

అక్కడ నీళ్లు ఊరికే నిలవవు. పోటు ఒక దిక్కు లాగుతుంది, ఆటు ఇంకో దిక్కు. రెండింటి నడుమ ప్రవాహం మందగించే కాసేపే దిగాలి. ఆ ఘడియ రోజూ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఒడ్డున నీళ్లు నిండుగా ఉన్న టైమే అది అనుకోవడానికీ లేదు, ఒక్కో చోట ఒక్కో తీరు. అక్కడి పడవాయనకు తెలుస్తుంది. ఆయన్ని అడిగావా బేటా? సిలిండర్‌లో ఎంత గాలి ఉండగా వాపస్ మళ్లుతావు? కొట్టుకుపోతే పడవకు కనబడేలా పైకి వదిలే రంగు బెలూన్ ఉందా, వదలడం ప్రాక్టీస్ చేశావా? జోడీ ఎవరు?

వీటన్నిటికంటే ముందు, ఏ చాంద్ తారీఖు? ఇది అడగడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు ప్రవాహం జోరుగా ఉంటుంది. సగం చంద్రుడు దాటాక మెత్తబడుతుంది. మన లెక్కలో 8, 9 దగ్గర, మళ్లీ 22, 23 దగ్గర. నెలనెలా అయ్యామె బీజ్ రోజాలుండే ఆపాకు పద్నాలుగో చాంద్ ఎప్పుడో కేలండర్ చూడకుండా తెలుసు. మావాడు బుక్ చేసుకున్న శనివారం సరిగ్గా 16! ‘ఛుట్టీ ఆ రోజే’ అన్నాడట. సమందర్‌కు మన ఛుట్టీతో ఏం పని?

తారీఖు మారిస్తే అడ్వాన్సు పోతుంది. పోనీ. షాదీ దావత్‌లలో మనం తగలేసే పైసల ముందు అదెంత? నాకు అసలు ఫికర్ వేరే ఉంది. పడవ దాకా పోయి, నీళ్ల తీరు చూసి, దిగకుండా వాపస్ వచ్చిన పిల్లవాణ్ణి ‘డర్‌పోక్’ అని నవ్వే మామలు మన ఖాందాన్లలో చాలామంది. ఆ నవ్వుకు జడిసి దిగేవాళ్లున్నారు.

మావాడు వచ్చే శనివారానికి మార్చుకున్నాడు, అంటే 23. ఆ రోజు ఏ టైముకు దిగాలో పడవాయన ఇంకా చెప్పలేదట. ఆపా రోజూ అడుగుతూనే ఉంది.