"ఏం తిన్నావ్?" అని అడిగేముందు

షుగర్ ఉన్నవాళ్ళ ఇంట్లో గ్లూకోమీటరు మీద 240 కనపడగానే వచ్చే మొదటి మాట "ఏం తిన్నావ్?". ఏమీ తినలేదంటే ఎవరూ నమ్మరు. మా బంధువుల్లో ఒక పెద్దావిడకి మనవరాలి పెళ్ళి జరిగిన నాలుగు రోజులూ రీడింగులు ఆకాశంలోనే ఉన్నాయి. మిఠాయి ముట్టలేదని ఆవిడ ఒట్టేసినా, చాటుగా లడ్డూలు తిన్నదన్న పేరు మాత్రం ఉండిపోయింది. ఆవిడ తిన్నదో లేదో నాకూ తెలీదు. కానీ తినకుండా కూడా పెరగొచ్చు అన్న ఆలోచన ఆ ఇంట్లో ఒక్కరికీ రాలేదే అని నా బాధ.

నాకు తొమ్మిదేళ్ళుగా టైపు 2 షుగరుంది. ఆ మధ్య రెండు వారాలపాటు చేతికి సెన్సర్ పెట్టుకున్నాను. ఆ రోజుల్లోనే ఒక రాత్రి ఒంటిగంటకి ప్రొడక్షన్ పడిపోయిందని ఫోనొచ్చింది. కాల్‌లో చేరేటప్పటికి 124. పదిమంది ఒకేసారి మాట్లాడుతూ, "ఎప్పటికి అవుతుంది?" అని ప్రతి పది నిమిషాలకీ ఒకరు అడుగుతూ ఉంటే, గంటన్నరలో 187 అయింది. నేను తాగింది గ్లాసుడు మంచినీళ్ళు. ఇదే కనుక మామూలు గ్లూకోమీటరు రోజుల్లో అయ్యుంటే, పొద్దున్నే లేచి చూసుకుని రాత్రి తిన్న రెండు చపాతీల్నీ తిట్టుకునేవాడిని.

ఇందులో మాయేమీ లేదు. మనిషి రక్తం మొత్తంలో తిరిగే గ్లూకోజు నాలుగైదు గ్రాములే, అంటే ఇంచుమించు ఒక టీస్పూను. లివర్లో మాత్రం గ్లైకోజెన్ రూపంలో వంద గ్రాముల దాకా నిలవుంటుంది. భయమో, కోపమో, పట్టలేని ఉత్సాహమో కలిగితే అడ్రినలిన్ ఆ గోదాము తలుపులు తెరిచేస్తుంది, పైగా పాంక్రియాస్‌ని ఇన్సులిన్ తగ్గించమంటుంది. వెనకాలే కార్టిజాల్ వచ్చి, లివర్ చేత కొత్త గ్లూకోజు తయారుచేయించడమే కాకుండా, ఉన్న ఇన్సులిన్ మాట కండరాలు సరిగ్గా వినకుండా చేస్తుంది. పులి తరిమితే పరిగెత్తడానికి ఇదంతా చాలా మంచి ఏర్పాటు. కానీ మన పులి వీడియో కాల్‌లో ఉంటుంది, మనం కుర్చీలో ఉంటాం. షుగర్ లేనివాళ్ళకి కాసేపట్లో ఇన్సులిన్ వచ్చి సర్దేస్తుంది. మనకి ఆ సర్దేవాడే కరువు.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. 1911లోనే హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ బృందం, కుక్క మొరుగుతుంటే బెదిరిపోయిన పిల్లుల మూత్రంలో చక్కెర కనిపెట్టింది. నాకు బాగా నచ్చింది మాత్రం ఆ తర్వాతి పరీక్ష. 1913 సీజన్‌లో ఆఖరి ఫుట్‌బాల్ మ్యాచ్ అయిన వెంటనే హార్వర్డ్ జట్టులో 25 మందిని పరీక్షిస్తే 12 మందికి మూత్రంలో చక్కెర వచ్చింది. ఆ పన్నెండు మందిలో అయిదుగురు అసలు మైదానంలోకే దిగలేదు, బెంచీ మీద కూర్చున్న సబ్‌స్టిట్యూట్లు! వీళ్ళెవరూ షుగర్ రోగులు కారు. ఉత్సాహం కూడా ఒంటికి టెన్షన్ లాంటిదే అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆఖరి ఓవర్ చూస్తూ సోఫా అంచుమీద కూర్చునే మన నాన్నలూ ఆ బెంచీ వాళ్ళే కదా. మనవరాలి పెళ్ళిలో ఆ పెద్దావిడ కూడానూ.

అలాగని అందరికీ, అన్నివేళలా పెరుగుతుందనీ కాదు. 2005లో జ్యూరిక్ డాక్టర్లు టైపు 1 వాళ్ళ చేత పరాయివాళ్ళ ఎదుట ఉపన్యాసం ఇప్పించి, నోటిలెక్కలు చేయించారు (అప్రైజల్ మీటింగే అనుకోండి). పరగడుపున ఉన్నవాళ్ళలో తేడా రాలేదు. అన్నం తిన్నాక ఆ టెన్షన్ పడినవాళ్ళకి మాత్రం షుగర్ దిగడం ఆలస్యమైంది. కొందరికి టెన్షన్లో తగ్గడం కూడా ఉంది, మందేసుకుని భోజనం మానేసిన రోజుల్లో ముఖ్యంగా. అందుకే ఎవరి ఒళ్ళు వాళ్ళు చూసుకోవాల్సిందే.

నిద్ర సంగతి వేరే చెప్పాలి, మన వృత్తిలో దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు కనక. 1999లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న 11 మంది కుర్రాళ్ళని ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూస్తే, ఒంటికి గ్లూకోజుని తట్టుకునే శక్తి బాగా తగ్గిపోయింది. వారం రిలీజు పనిలో మనం చేసేది అదే, పైగా కాంప్ ఆఫ్ కూడా అడుక్కోవాలి.

నేను చేస్తున్నది చిన్న పని. రీడింగులు రాసే పుస్తకంలో తిండి గడి పక్కన ఇంకో గడి గీశాను. అందులో "రిలీజు", "అమ్మ ఆపరేషన్", "3 గంటల నిద్ర" అని రెండు ముక్కలు రాస్తాను. రెండు మూడు నెలలకి అందులోంచి ఏదో ఒక వరస బయటపడుతుంది. డాక్టరుకి కూడా అది చూపించాలని నా అభిప్రాయం. లేకపోతే రిలీజు వారం రీడింగులు చూసి మందు డోసు పెంచితే, మామూలు వారంలో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఉన్నది అందుకే. ఆఫీసు హెల్త్ క్యాంపుల్లో రెండు మీటింగుల మధ్య వేలు పొడిచి, తెలియనివాళ్ళకి షుగర్ బయటపెడితే సంతోషమే. కానీ ఎప్పట్నుంచో ఉన్నవాడికి ఆ ఒక్క అంకె పట్టుకుని స్వీట్ల మీద ఉపన్యాసం ఇవ్వడం దండగ.

"అయితే అంతా టెన్షనే, నా తప్పేం లేదు" అనేవాళ్ళూ మన క్యాంటీన్లో ఉన్నారు, మూడో సమోసా చేతిలో పట్టుకుని. నెలలతరబడి ఎక్కువుంటే, కారణం టెన్షనైనా సమోసా అయినా కళ్ళకీ కిడ్నీలకీ ఆ తేడా తెలీదు. వైద్యం చేయించుకోవాల్సిందే.

ఇన్సులిన్ గానీ గ్లైమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళకి ఇంకొక్క మాట. చెమట, గుండెదడ, చేతుల వణుకు టెన్షన్లోనూ వస్తాయి, షుగర్ పడిపోయినా వస్తాయి. ఊహించొద్దు, అక్కడికక్కడే వేలు పొడిచి చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకు తాగి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడండి. మీటరు దగ్గర లేకపోతే పడిపోయిందనే అనుకుని తాగెయ్యండి. అప్రైజల్ మధ్యలో అయితే మానేజరుని ఓ నిమిషం ఆగమనండి, ఆగుతాడు.