కాన్వెంటు గేటు దగ్గర అడగాల్సిన మాటలు

జూన్ నెల వస్తే మా వీధిలో రెండే మాటలు. ఒకటి వాన, రెండోది స్కూలు ఫీజు. మా అనంతపురంలో ఈ రెండింటికీ దగ్గరి చుట్టరికం. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా మాదేనని చెప్పుకుంటాం. అదును తప్పితే శెనక్కాయ పంట పోతుంది. పంట పోయిన ఏడాది ఇంట్లో ఆడదాని మెడలోని గొలుసు బ్యాంకుకు పోతుంది. పిల్లల చదువు ఆపలేం కదా!

మొన్న సాయంత్రం పక్కింటి అమ్మాయి వచ్చి కూచుంది. కూతుర్ని ఎల్కేజీలో చేర్చాలి. "అక్కా, సిస్టర్ల స్కూల్లో వేద్దామంటాడు మా ఆయన. మా అత్త వద్దంటే వద్దంటోంది. బొట్టు తీయిస్తారంట, పూలు పెట్టుకోనీరంట, రేపు మతంలోనే కలిపేసుకుంటారంట. ఏం చేయాల?" అంది.

నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. పదేళ్ల కిందట మా అత్తగారు అన్న మాటలే ఇవి, పొల్లు పోకుండా.

ముందొక సంగతి. మన ఊళ్లలో టై కట్టించే ప్రతి స్కూలునీ కాన్వెంటనే అంటాం. నిజానికి కాన్వెంటంటే కన్యాస్త్రీలు ఉండే మఠం. బోర్డు మీద 'సెయింట్' అని ఉన్నంత మాత్రాన అది కేథలిక్ స్కూలు కాదు. ఆ పేరు పెట్టుకుని నడిచే మామూలు ప్రైవేటు బళ్లు బోలెడు. కేథలిక్ స్కూలును మేత్రాసనమో, సిస్టర్ల సభో, ఫాదర్ల సభో నడుపుతుంది. మన అనంతపురం ప్రాంతం 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనం కిందికి వస్తుంది. కాబట్టి నడిపేది ఎవరో కనుక్కోవడం మొదటి పని.

ఇక మతం భయం. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు ఇచ్చింది. 28వ అధికరణం మనకూ ఒక హక్కు ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపు గానీ, గ్రాంటు గానీ ఉన్న స్కూల్లో, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల్ని మతబోధకూ, ఆరాధనకూ బలవంతంగా కూర్చోబెట్టకూడదు. చాలాచోట్ల కేథలిక్ పిల్లలు జ్ఞానోపదేశం క్లాసుకు పోతే, తక్కిన పిల్లలకు మోరల్ సైన్సు చెబుతారు. 2024 ఏప్రిల్‌లో కేథలిక్ బిషప్పుల సమాఖ్యే తమ స్కూళ్లకు సూచనలు పంపింది. ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ సంప్రదాయాలు రుద్దవద్దనీ, ఉదయం అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలనీ వాటి సారాంశం. "ఆ సూచనలు మీ స్కూల్లో అమలవుతున్నాయా సిస్టర్?" అని మనం మర్యాదగా అడగవచ్చు. బొట్టు, పూలు, గాజుల సంగతి ఒక్కో స్కూల్లో ఒక్కో తీరు. అదీ అడగవలసిందే.

ముందే మాట్లాడుకోకపోతే ఏమవుతుందో అదే నెలలో చూశాం. తెలంగాణలోని మంచిర్యాల జిల్లాలో ఒక కేథలిక్ స్కూలుకు కొందరు పిల్లలు హనుమాన్ దీక్ష దుస్తుల్లో వెళ్లారు. యూనిఫారం మాట వచ్చింది. మాట పెరిగి, గుంపు వచ్చి స్కూలును ధ్వంసం చేసింది. దీక్షలు ఏటా వచ్చేవే. మాల వేసుకోకముందే తల్లిదండ్రులూ స్కూలువాళ్లూ తేల్చుకోవాల్సిన సంగతి వీధికెక్కితే, నలిగేది పిల్లలే.

"ఇరవై ఐదు శాతం ఉచిత సీట్లు ఉంటాయంట కదక్కా?" అని కూడా అడిగింది. విద్యాహక్కు చట్టం మైనారిటీ స్కూళ్లకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆశ పెట్టుకోవద్దు. 2025లో మొదలైన 'తల్లికి వందనం' కింద అర్హులైన తల్లులకు ఒక్కో బిడ్డకు 13 వేలు చేతికొచ్చాయి. ప్రైవేటు స్కూలు పిల్లలకూ అది వర్తిస్తుంది. అయితే పుస్తకాలు, బూట్లు, వ్యాను కలిపి ఏడాదికి మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకున్నాకే గొలుసు సంగతి ఆలోచించు అన్నాను.

ఇక నా కథ. మతం గురించి మా ఇంట్లో నెల రోజులు తగువులాడుకున్నాం. పిల్ల దేవుణ్ణేమీ మార్చుకోలేదు. వినాయక చవితికి ఇప్పటికీ పత్రి తెచ్చేది తనే. పోయింది ఇంకోటి. రెండో తరగతిలో, తెలుగులో మాట్లాడిందని పది రూపాయలు జరిమానా వేశారు. నోరెత్తకుండా కట్టాను. పైగా ఇంగ్లీషు బాగా వస్తుందిలే అని మురిసిపోయాను. ఇప్పుడది పదో తరగతి. ఈమధ్య నా కథ ఒకటి అచ్చయితే పత్రిక చేతికిచ్చాను. ఒక పేరా కూడబలుక్కుని చదివి, "నువ్వే చెప్పెయ్యమ్మా" అంది. తప్పంతా స్కూలుదే అనను. జరిమానా కట్టిన చెయ్యి నాదే.

ఈ జబ్బు కేథలిక్ స్కూళ్లది మాత్రమే కాదు, ఇంగ్లీషు మోజు పడ్డ మనందరిదీ. 2009లో మన పక్కనే మైదుకూరులో, తెలుగు మాట్లాడబోమని రాసిన పలకలు పిల్లల మెడల్లో వేశారని రాష్ట్రమంతా గగ్గోలెత్తింది. విచిత్రమేమంటే, 18వ శతాబ్దంలో ఈ సీమకు వచ్చిన ఫ్రెంచి జెసూట్ ఫాదర్లు కష్టపడి తెలుగు నేర్చుకున్నారు. మన భాష రాకుండా మన మనసుల్లోకి రాలేమని వాళ్లకు తెలిసింది. కన్నతల్లులం, మనకు తెలియలేదు.

అందుకే ఆ అమ్మాయికి నాలుగు ప్రశ్నలు రాసిచ్చాను. స్కూలు ఎవరిది? ప్రార్థన, బొట్టు, దీక్షల విషయంలో నియమమేమిటి? ఏడాదికి మొత్తం ఖర్చెంత? వారానికి తెలుగు క్లాసులెన్ని, తెలుగు మాట్లాడితే శిక్ష ఉందా?

"ఇన్ని అడిగితే సీటు ఇయ్యరేమో అక్కా" అంది భయంగా.

"అడిగినందుకే సీటివ్వని బడైతే, ఆ సంగతి గొలుసు పోకముందే తెలియడం మంచిది కదా!"

కాగితం మడిచి కొంగున కట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "మా అత్తనూ పిల్చకపోతా అక్కా. బొట్టు సంగతి ఆమెనే అడగనీ."