‘వచ్చాడు’ నుంచి ‘వచ్చింది’ దాకా

ట్రాన్స్‌జెండర్ యువతకు అండగా లఘుచిత్రం తీయాలనుకుంటే ముందు తేలాల్సింది, దాన్ని ఎవరి కోసం తీస్తున్నారన్నది. ఇలాంటి చిత్రాలు చాలావరకు మిగతా సమాజం కోసం తయారవుతాయి. చూసేవాళ్లకు జాలి పుట్టాలని అవమానాలను, దెబ్బలను, ఇంట్లోంచి గెంటేయడాన్ని వివరంగా చూపిస్తాయి. తలుపేసుకుని ఫోన్‌లో చూస్తున్న పదహారేళ్ల ట్రాన్స్ పిల్లకు మాత్రం వాటిలో కనిపించేది ముందున్న కష్టాల జాబితా. ఆ పిల్లే ప్రేక్షకురాలని అనుకుంటే కథ, నటులు, ఆఖరికి పోస్టరు కూడా మారతాయి.

తెలుగు సినిమా ఈ పిల్లలకు బాకీ పడి ఉంది. రంగస్థలం మీద సత్యభామగా స్థానం నరసింహారావును చూసి మురిసిపోయిన ప్రేక్షకులు మనవాళ్లే. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ అదే పాత్రకు ప్రాణం పోశారు. స్త్రీ వేషం కట్టడం వేరు, స్త్రీగా బతకడం వేరు, నిజమే. అయినా మగ ఒంట్లోని ఆడతనాన్ని కళగా నెత్తిన పెట్టుకున్న చోటే, సినిమాల్లోని హాస్య సన్నివేశాలు దాన్ని ‘తేడా’ అన్న ఒక్క మాటతో వెక్కిరింత చేశాయి. ఆ మాట తెర మీంచి బడి ఆవరణలోకి దిగింది.

తనను తాను ఒప్పుకోవడమంటే రోగం కుదరడం కాదు. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసు తీర్పులో, తన లింగ గుర్తింపును నిర్ణయించుకునే హక్కు ఆ వ్యక్తిదేనని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలోనూ ట్రాన్స్‌జెండర్‌గా ఉండటం మానసిక రుగ్మతల అధ్యాయంలో లేదు. కథలో డాక్టరు చేత ‘బాగుచేయించే’ ప్రయత్నం ఉంటే అది తప్పని తెలిసేలా ఉండాలి. తనను తాను ఒప్పుకోవడాన్ని చూపడానికి వాడే, అద్దం ముందు చీర చుట్టుకునే సీను ఎలాగూ అరిగిపోయింది. ఇలాంటి చిత్రాల్లో ట్రాన్స్ అబ్బాయిల ఊసైతే దాదాపు వినిపించదు.

తెలుగులో తీసేవాళ్లకు భాషే పెద్ద సాయం. ‘నేను వచ్చాను’ అన్నప్పుడు క్రియలో ఆడా మగా లేదు. పక్కవాళ్లు ‘వచ్చాడు’ అన్నప్పుడే ట్రాన్స్ అమ్మాయికి ముల్లు గుచ్చుకుంటుంది. ఒక ఇంటిని ఊహించవచ్చు. రాత్రి ఇంటికొచ్చిన తండ్రి చెప్పులు విడుస్తూ ‘వాడు తిన్నాడా?’ అని రోజూ అడుగుతాడు. తన పిల్ల ట్రాన్స్ అమ్మాయని తెలిశాక కొన్నాళ్లు ‘భోజనం అయిందా?’ అని తప్పించుకుంటాడు. ఒకరోజు, ఎవరి వైపూ చూడకుండా, ‘అమ్మాయి తిందా?’ అంటాడు. లోపలి గదిలో పుస్తకం ముందున్న పిల్ల తలెత్తదు. పేజీ తిప్పబోయిన వేలు మాత్రం ఆగుతుంది. అక్కడ నేపథ్య సంగీతం అక్కర్లేదు, ఉపన్యాసం అసలే వద్దు.

2017లో వచ్చిన విక్స్ ప్రకటనచిత్రంలో ముంబయి ఉద్యమకారిణి గౌరీ సావంత్ తన పాత్ర తానే పోషించారు. బస్సులో వెళ్తున్న కూతురు అమ్మ గురించి చెబుతూ పోతుంది. ఆ అమ్మ ట్రాన్స్ మహిళ అని ప్రేక్షకుడికి తెలిసేది తర్వాతే. సమాజాన్ని కదిలించడానికి అది మంచి ఎత్తుగడ. కానీ ట్రాన్స్ పిల్లలకు తమ ఉనికి కథలో మలుపు కాదు, మొదటి సీను నుంచీ ఉన్న సంగతి.

డబ్బు లేకపోవడం పెద్ద అడ్డంకి కాదు. ట్రాన్స్ నటీమణులే ప్రధాన పాత్రలు చేసిన అమెరికన్ సినిమా ‘టాంజరీన్’ (2015)ను ఐఫోన్లతోనే చిత్రీకరించారు. అసలు జాగ్రత్త మనుషుల విషయంలో కావాలి. స్క్రిప్టు ట్రాన్స్ వ్యక్తుల చేత చదివించాలి, ఆ పనికి డబ్బివ్వాలి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల సొంత కథ అయితే ముఖం చూపకుండా గొంతుతోనో బొమ్మలతోనో చెప్పొచ్చు. విడుదలకు ముందురోజు వాళ్లు వద్దన్నా ఆపేయాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లోకి వెళ్లిన ముఖాన్ని వెనక్కి తేలేరు. చివర్లో మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 తెర మీద చదివేంతసేపు నిలవాలి. ఇంటిల్లిపాదీ తిరిగే హాల్లో కూర్చుని చూసే పిల్లలూ ఉంటారు కాబట్టి, శబ్దం తీసేసినా అర్థమయ్యేలా తెలుగు సబ్‌టైటిళ్లు వేయాలి. వెనక నుంచి ఎవరైనా తొంగి చూస్తే పసిగట్టలేని మామూలు బొమ్మ, మామూలు పేరు వీడియో పైన కనిపించాలి.