రెండో దెబ్బ

ఉత్తర స్పెయిన్‌లో బుర్గోస్ నగరానికి చేరువలో ఆటపుయెర్కా అనే సున్నపురాతి కొండలున్నాయి. ఆ కొండల గుహల్లో, బయటి వెలుగు సోకని ఒక లోపలి మూలన, నిటారుగా 13 మీటర్ల దాకా దిగిపోయే బిలం ఉంది. పేరు సీమా దె లోస్ ఉయెసోస్, అంటే ఎముకల గొయ్యి. సుమారు 4,30,000 ఏళ్ల కిందటి మనుషులు, కనీసం 28 మంది, ఆ గోతి అడుగున ఎముకలై దొరికారు. వాళ్లలో ఒకరి నుదుటి మీద రెండు రంధ్రాలున్నాయి. ఒక మనిషి చేతిలో మరో మనిషి చనిపోయాడని ఎముకే చెబుతున్న సందర్భాల్లో ఇంత పాతవి బహు అరుదు.

జనాన్ని మొదట ఆ గోతిలోకి దించినవి మనుషుల ఎముకలు కావు, ఎలుగుబంటి కోరలు. చుట్టుపక్కల కుర్రాళ్లు సాహసానికి గుర్తుగా వాటిని ఏరుకుపోయేవారు. 1976లో త్రినిదాద్ తోర్రెస్ అనే మైనింగ్ ఇంజనీరు కూడా ప్రాచీన ఎలుగుల మీద పరిశోధన కోసమే దిగాడు. ఆయన చేతికి మనిషి దవడ ఎముక తగిలింది. దాన్ని పురాజీవ శాస్త్రవేత్త ఎమిలియానో అగిర్రెకు చూపించాడు. పద్ధతి ప్రకారం తవ్వకాలు 1984లో మొదలయ్యాయి. అప్పటికే కోరల వేటగాళ్లు పైమట్టినంతా కలగాపులగం చేసి పెట్టారు. ఆ చెదిరిన మట్టిని వీపు సంచుల్లో టన్నుల కొద్దీ బయటికి మోయడానికే ఏళ్లు పట్టింది. దాదాపు పూర్తిగా ఉన్న పుర్రెలు 1992లో గానీ కనబడలేదు.

17వ పుర్రెగా లెక్కకెక్కినది అంత నిండుగా దొరకలేదు. 52 ముక్కలుగా, వేర్వేరు సంవత్సరాల తవ్వకాల్లో విడివిడిగా బయటపడింది. అతికించి చూస్తే యుక్తవయస్కుడైన మనిషి పుర్రె అని తేలింది. ఆడా మగా అన్నది ఎముక చెప్పలేదు. ఎడమ కంటికి పైన, నుదుటి ఎముకలో రెండు రంధ్రాలు పక్కపక్కనే ఉన్నాయి. నోయెమీ సాలా నాయకత్వంలోని పరిశోధక బృందం సీటీ స్కాన్‌తో, త్రిమితీయ నమూనాలతో వాటిని పరీక్షించి, 2015 మే నెలలో ప్లాస్ వన్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది.

ముందుగా తేల్చుకోవలసింది, ఆ రంధ్రాలు ఎప్పుడు పడ్డాయన్నది. బతికున్నప్పుడు గాయమై మనిషి కోలుకుంటే, రంధ్రపు అంచున కొత్త ఎముక పెరుగుతుంది. ఇక్కడ ఆ జాడ లేదు. చనిపోయిన చాలాకాలానికి ఎండిపోయిన ఎముక విరిగితే, అంచు గరుకుగా, నిలువునా తెగినట్టు ఉంటుంది. ఈ పుర్రెను ముక్కలు చేసిన విరుపుల్లో ఎక్కువ ఆ రకానివే, మీద పేరుకున్న మట్టి బరువుకు కలిగినవి. రెండు రంధ్రాల అంచులు మాత్రం పచ్చి ఎముక విరిగినప్పటి తీరులో ఏటవాలుగా ఉన్నాయి. అంటే గాయాలు మరణ సమయానివి. రెండూ ఎముకను పూర్తిగా చీల్చి మెదడు దాకా దిగాయి.

గోతిలో పడి తల పగిలిందేమో అన్న సందేహం సహజమే. 13 మీటర్లు తక్కువ లోతు కాదు. కానీ పడినప్పుడు తలకు తగిలే దెబ్బలు ఎక్కువగా టోపీ అంచు ఆనే చుట్టుకొలత వెంబడి, పక్కల మీద కనిపిస్తాయి. దీన్ని మించిన ఆధారం రంధ్రాల ఆకారమే. రెండింటి కొలతా రూపమూ ఒకటే. రెండింటి అంచులోనూ ఒకే తీరు నొక్కు ఉంది. దిగిన కోణం మాత్రం వేరు. ఒకే వస్తువు, రెండుసార్లు, రెండు కోణాల్లో. పడిపోయే మనిషికి ఒకే రాయి అలా రెండుసార్లు తగలడం జరిగే పని కాదు.

ఈ కేసు బరువంతా ఆ రెండో రంధ్రం మీదే ఉంది. ఒక్కటే ఉంటే ఎన్నో వివరణలకు చోటుండేది. ఇరాక్‌లోని షానిదార్ గుహలో దొరికిన మూడో నియాండర్తల్ మనిషి విషయమే తీసుకుంటే, అతని పక్కటెముకలో పదునైన మొన చేసిన గాటు ఉంది. ఎముక మానడం మొదలైంది కాబట్టి దెబ్బ తిన్నాక కొన్ని వారాలు బతికాడు. విసిరిన ఈటె అని కొందరన్నారు. వేటలో పొరపాటున తగిలిందన్నా కాదనడానికి లేదు. 17వ పుర్రె ఆ వెసులుబాటు ఇవ్వదు. మొదటి దెబ్బకే ప్రాణం పోయే స్థితిలో ఉన్న మనిషిని మళ్లీ కొట్టారు. చంపే ఉద్దేశం ఉందని పరిశోధకులు అనగలిగింది అందుకే.

అక్కడి నుంచి ముందుకు వెళ్లినకొద్దీ నేల మెత్తబడుతుంది. గాయాలు ఎడమవైపున ఉన్నాయి కాబట్టి, ఎదురెదురుగా నిలబడి కొట్టిన వ్యక్తి కుడిచేతి వాటం వాడై ఉండవచ్చన్నారు. ఆ గోతిలోని మనుషుల ముందుపళ్ల మీది గీతలను బట్టి వాళ్లలో దాదాపు అందరిదీ కుడిచేతి వాటమే. పళ్లతో మాంసం పట్టుకుని రాతి పనిముట్టుతో కోసినప్పుడు పడ్డ గీతలవి. కనుక అనుమానితుల జాబితా ఏమీ తగ్గదు. అపరాధ పరిశోధన నవలలో చివరి పుటకు అట్టిపెట్టే రెండు సంగతులు, ఎవరు, ఎందుకు అన్నవి, ఇక్కడ అసలే లేవు. పత్రికలు మాత్రం ‘ప్రపంచంలో మొదటి హత్య’ అని శీర్షికలు పెట్టేశాయి. దొరికినవాటిలో పాతది అనడానికీ, మొదటిది అనడానికీ మధ్య దూరం చాలా ఉంది.

హంతకుడి కంటే ఆలోచించదగ్గవాడు శవాన్ని మోసినవాడు. గోతిలో పడకముందే ఆ మనిషి చనిపోయి ఉంటే, తనంతట తాను అక్కడికి చేరలేడు. అలాగైతే చనిపోయినవాళ్లను బతికినవాళ్లే ఆ బిలంలోకి దింపేవారన్న వాదనకు ఈ పుర్రె బలం చేకూరుస్తుంది. అందరూ దీన్ని ఒప్పుకోలేదు. కొన్ని ఎముకల మీద మాంసాహార జంతువుల పంటిగాట్లున్నాయనీ, బురద ప్రవాహాలు ఎముకలను కదిలించి ఉండవచ్చనీ అభ్యంతరాలున్నాయి. అదే గోతిలోని 14వ పుర్రె, కపాలపు అతుకు ముందే మూసుకుపోయి తల వంకరైన ఒక బిడ్డది. ఆ బిడ్డ కనీసం అయిదేళ్లు బతికింది. ఎవరో సాకకుండా అది సాధ్యం కాదని 2009లో ఆ పుర్రెను పరిశీలించినవారు రాశారు. ఇద్దరిదీ ఒకే తరమో కాదో తెలిపే ఆధారం లేదు కాబట్టి, కొట్టిన చేతినీ సాకిన చేతినీ ఒకే కథలో కలపడం తొందరపాటే.

వాళ్లు ఎవరన్న ప్రశ్నకు జవాబు జన్యువుల నుంచి వచ్చింది. 2016లో వెలువడిన కేంద్రక డీఎన్ఏ ఫలితాల ప్రకారం వాళ్లు నియాండర్తల్ శాఖకు తొలినాటి వారు. ఆయుధం సంగతి అలా తేలలేదు. ఆ గోతిలో మనిషి చేసిన పనిముట్టుగా పేరుపడ్డది ఎర్రటి క్వార్ట్‌జైట్ చేతిగొడ్డలి ఒక్కటే. 1998లో బయటపడ్డ దానికి తవ్వకందారులు ఎక్స్‌కాలిబర్ అని పేరు పెట్టారు. చచ్చినవారికి సమర్పించిన కానుక అని కొందరు దాన్ని చదివారు గానీ, ఒక్క రాయి మీద అంత బరువు మోపడం కష్టం. పుర్రె మీది రంధ్రాలను దానితో ముడిపెట్టే ఆధారమూ లేదు.