మెల్బోర్న్ ఆర్థికాభివృద్ధి - మౌలిక సదుపాయాలు

మెల్బోర్న్, ఆస్ట్రేలియా ఆగ్నేయ భాగంలోని విక్టోరియా రాష్ట్రానికి రాజధాని. 2001లో సుమారు 35 లక్షలున్న నగర జనాభా ఇప్పుడు 50 లక్షలు దాటినది. ఈ పెరుగుదలలో అధిక భాగం విదేశాలనుండి వచ్చిన విద్యార్థులు, ఉద్యోగుల వలన కలిగినదే. జనం పెరిగిన కొద్దీ ఇళ్ళు, వ్యాపారాలు, మొత్తం ఉత్పత్తి పెరిగినవి గాని రైలు మార్గాలు, రహదారులు అదే వేగంతో పెరగలేదు. ఈ లోటు పూడ్చడానికి 2015 తరువాత రాష్ట్ర ప్రభుత్వం అప్పులు తెచ్చి భారీ నిర్మాణాలు చేపట్టినది.

పూర్వ చరిత్ర

ఈ నగరానికి ఇది క్రొత్త కాదు. 1851లో బంగారం దొరికిన తరువాత నగరం వేగంగా ఎదిగినది. 1884 నాటి రైల్వే చట్టం ఎన్నో మార్గాలకు ఒకేసారి అనుమతినిచ్చినందున దానిని "ఆక్టోపస్ చట్టం" అని ఎగతాళి చేసేవారు. శివార్లను కలుపుతూ 1890-91లో ప్రారంభించిన ఔటర్ సర్కిల్ మార్గం ప్రయాణికులు లేక కొన్నేళ్ళకే చాలావరకు మూతపడినది. అదే దశకంలో భూముల ధరలు కూలి అనేక బ్యాంకులు మూతపడ్డాయి.

ఇటీవలి నిర్మాణాలు

2025 నవంబరులో మెట్రో టన్నెల్ ప్రారంభమైనది. 9 కిలోమీటర్ల జంట సొరంగాలు, ఐదు భూగర్భ స్టేషన్లు గల ఈ మార్గం 1981లో మొదలైన సిటీ లూప్‌పై ఒత్తిడిని తగ్గిస్తుంది. ఖర్చు అంచనాలను మించినా, దీని అవసరాన్ని కాదన్నవారు తక్కువ.

రహదారుల సంగతి వేరు. ఈస్ట్ వెస్ట్ లింక్ ఒప్పందంపై 2014 ఎన్నికలకు కొద్దిగా ముందు సంతకాలు జరిగాయి. గెలిచిన క్రొత్త ప్రభుత్వం దానిని రద్దు చేయగా, రోడ్డు పడకుండానే 110 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయినట్లు రాష్ట్ర ఆడిటర్ జనరల్ 2015లో తేల్చారు. దాని బదులు వచ్చిన వెస్ట్ గేట్ సొరంగం 550 కోట్ల డాలర్ల అంచనాతో మొదలై 1,000 కోట్లు దాటినది. త్రవ్విన మట్టిలో రసాయన కాలుష్యం ఉన్నందున దానిని ఎక్కడ వేయాలన్న తగాదాతో 2022లో ముగియవలసిన పని 2025 డిసెంబరుకు ముగిసినది. నిధుల కొరకు, నగరంలోని మరొక రహదారియైన సిటీలింక్‌పై టోలు వసూలు గడువును 2045 వరకు పొడిగించారు. అనగా ఈ సొరంగం వైపు ఎన్నడూ వెళ్ళనివారు కూడా దీనికి చెల్లిస్తున్నారు.

అప్పు, ప్రాధాన్యాలు

2020 డిసెంబరులో ఎస్ అండ్ పి సంస్థ విక్టోరియా పరపతి స్థాయిని రెండు మెట్లు తగ్గించినది. 2025 నాటికి రాష్ట్ర నికర ఋణం సుమారు 15,000 కోట్ల డాలర్లు. కోవిడ్ కాలపు ఖర్చులు కూడా ఇందులో ఉన్నవి కనుక నిందంతా నిర్మాణాలపై వేయలేము. అయినా తూర్పు శివార్లలో చెల్టెన్‌హామ్ నుండి బాక్స్ హిల్ వరకు 26 కిలోమీటర్ల సబర్బన్ రైల్ లూప్ తొలి దశకు దాదాపు 3,450 కోట్ల డాలర్లు కేటాయించడంపై తీవ్ర చర్చ జరుగుతున్నది.

వేగంగా పెరుగుతున్నది మాత్రం పడమటి దిక్కు. తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్న టార్నీట్‌కు 2015లో రైలు స్టేషను వచ్చినది గాని, అక్కడ ఆగేవి దూరప్రాంతాల డీజిల్ రైళ్ళే. ఉదయం వేళ వాటిలో నిలబడే ప్రయాణం. ఈ మార్గాన్ని విద్యుదీకరిస్తామని 2018లో చేసిన ప్రకటన ఇంకా నిర్మాణ దశకు చేరలేదు.